చిన్న యుద్ధవిమానానికి రంగు: కుంచె, స్ప్రే డబ్బా, ఎయిర్‌బ్రష్... మన ఉక్కలో ఏది మేలు?

ప్లాస్టిక్ విమానం కిట్ కొన్నవాళ్లందరికీ ముక్కలు అతికించడం అయ్యాక ఒకటే సందేహం వస్తుంది. ఇప్పుడు దీనికి రంగు ఎట్లా వేసేది? యూట్యూబ్ తెరిస్తే అందరి చేతుల్లోనూ ఎయిర్‌బ్రషే, అంటే కంప్రెసర్ గాలితో రంగు చిమ్మే చిన్న గన్నే కనిపిస్తుంది. "అన్నా, అది లేకపోతే పని కాదా?" అని అడిగే కుర్రాళ్లను నేను తిరిగి రెండు ప్రశ్నలు అడుగుతాను. ఏ విమానం చేస్తున్నావు? ఏ నెలలో రంగు వేస్తున్నావు? ఈ రెండిటికీ జవాబు దొరికితే ఏది కొనాలో చాలావరకు తేలిపోతుంది. డబ్బు సంగతి ఆ తర్వాత.

నెల గురించి అడగడానికి కారణం ఉంది. ఆ వీడియోలు చేసేవాళ్లలో ఎక్కువమందిది చల్లటి దేశం. మనది సముద్రం పక్క నేల. మేలో నెల్లూరులో మధ్యాహ్నానికి 40 డిగ్రీలు దాటుతుంది, రోహిణి కార్తె సంగతి చెప్పనే అక్కర్లేదు. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్య రుతుపవనాల వానలు, తుపాన్లు, గోడలకు చెమ్మ. మేలో రంగు కుంచె మీదే ఆరిపోతుంది. నవంబరులో విమానం మీద ఆరాల్సిన రంగు ఆరదు. డబ్బా మీద రాసిన ఆరే సమయాలు ఈ రెండు నెలల్లోనూ మనకు పనికిరావు.

ఇక సైజు సంగతి. కొత్తవాళ్లు ఎక్కువగా కొనేది 1/72 స్కేలు. అసలు విమానంలో 6 అడుగులు బల్ల మీద 1 అంగుళం అవుతుంది. హరికేన్ రెక్కలు ఈ కొస నుంచి ఆ కొసకు 40 అడుగులు. మోడల్‌లో అవి 17 సెంటీమీటర్లు. ఈ లెక్క రంగుకూ వర్తిస్తుంది. మీరు వేసిన రంగు మందం 0.1 మిల్లీమీటరు ఉంటే, అసలు విమానానికి 7 మిల్లీమీటర్ల లప్పం పట్టించినట్టు. రేకుల మధ్య సన్నటి గీతలు పూడిపోయి మోడల్ బొమ్మలా కనిపించేది అందుకే. కాబట్టి ఈ మూడు పద్ధతులనూ పోల్చేటప్పుడు నేను చూసేది నునుపు ఒక్కటే కాదు, ఎంత పల్చగా పడుతుందనేది కూడా.

కుంచెను ముందు తీసుకుంటాను, ఎందుకంటే దానికి రావలసిన గౌరవం రావడం లేదు. గీతలు పడతాయని అందరి ఫిర్యాదు. నిజానికి గీతలు పడేది ఎక్కువగా తప్పు రంగు వల్ల, తొందర వల్ల. తమియా కంపెనీ అక్రిలిక్ రంగు సీసాలు ఎయిర్‌బ్రష్‌లో బంగారంలాంటివి గానీ కుంచెతో సతాయిస్తాయి. అందులో ఆల్కహాల్ ఉండడంతో రెండో పూత వేయగానే మొదటి పూత కరిగి లేచిపోతుంది. నీళ్లలో కలిసే వల్లేహో మోడల్ కలర్ లాంటివి కుంచె కోసమే చేసినవి. వాటిని పల్చటి మజ్జిగలా కలుపుకుని, మెత్తటి సింథటిక్ ఫ్లాట్ బ్రష్‌తో మూడు నాలుగు పూతలు వేయాలి. మొదటి పూత చూస్తే ఏడుపొస్తుంది, ప్లాస్టిక్ మరకలు మరకలుగా కనిపిస్తూ ఉంటుంది. దాన్ని వెంటనే సరిచేయబోతే పాడవుతుంది. అట్లాగే వదిలేసి, బాగా ఆరాక రెండోది అడ్డంగా వేయాలి. మూడో పూతకు ఒక దారికి వస్తుంది.

వేసవిలో కుంచె పనికి మంచి సమయం తెల్లవారుజామున అయిదు నుంచి ఎనిమిది వరకు. ఫ్యాన్ ఆపాలి. మేలో ఫ్యాన్ ఆపమంటే ఇంట్లోవాళ్లు మనల్ని వింతగా చూస్తారు గానీ, ఫ్యాన్ గాలికి రంగు అంచులు ముందే ఆరిపోతాయి, గీతలు పడేది అక్కడే. రంగు కలుపుకోవడానికి పాత టిఫిన్ బాక్సులో తడి స్పాంజి పెట్టి, పైన బటర్ పేపర్ పరిస్తే చాలు. మూత పెట్టేస్తే మరుసటి రోజుకు కూడా రంగు పచ్చిగానే ఉంటుంది. ఆరడాన్ని నెమ్మది చేసే రిటార్డర్ ఒకటి రెండు చుక్కలు కలిపితే ఇంకా మంచిది. ఎక్కువైతే మాత్రం జిగట వదలదు.

స్ప్రే డబ్బా చూడటానికి సులువు. నొక్కితే చాలు. తమియా వాళ్ల టీఎస్, ఏఎస్ డబ్బాలు ప్లాస్టిక్ మోడళ్ల కోసమే చేసిన లాకర్లు, అంటే ఘాటైన సాల్వెంట్‌తో చేసిన రంగులు. పూత నున్నగా వస్తుంది, త్వరగా ఆరుతుంది. కాకపోతే ఇలాంటి డబ్బాలను మామూలుగా విమానంలో పంపనివ్వరు, రోడ్డు మీద రావలసిందే. యుద్ధవిమానం రంగుకే విమాన ప్రయాణం లేదన్నమాట. ఆన్‌లైన్‌లో పెట్టాక కొన్నాళ్లు ఓపిక పట్టాలి.

ఆ ఓపిక లేక నెల్లూరు స్టోన్‌హౌస్‌పేటలోనో ఒంగోలు ట్రంకు రోడ్డులోనో హార్డ్‌వేర్ షాపులో దొరికే డబ్బా తెచ్చేవాళ్లున్నారు. గేటుకూ సైకిలుకూ అది బాగానే పని చేస్తుంది. మోడల్ మీద రెండు చిక్కులు. కొన్నిటిలోని సాల్వెంట్ కిట్ ప్లాస్టిక్ అయిన పాలీస్టైరీన్‌ను కొరికేస్తుంది, ప్లాస్టిక్ ముడతలు పడుతుంది. కొన్ని ఎనామెల్ డబ్బాలు రోజుల తరబడి వేలిముద్ర పట్టేంత మెత్తగా ఉంటాయి. పైగా పూత మందం. తెచ్చినా సరే, కిట్ ముక్కలు అంటుకుని వచ్చే చట్రం ఉంటుంది కదా, ముందు ఆ కడ్డీ మీద కొట్టి ఒక రాత్రి ఆగి చూడండి.

బైకులకు డుకో కొట్టే షెడ్డులో ఇచ్చి కొట్టించుకుంటే పోలా అని కూడా అడుగుతారు. వద్దు. వాళ్ల గన్ను పెట్రోలు ట్యాంకుకు సరిపోయేది, వాళ్ల థిన్నర్‌కు మీ విమానం మైనం అయిపోతుంది. ఆ షెడ్డు నుంచి నేర్చుకోవలసింది ఒకటుంది, వాటర్ పేపర్ పట్టడం. 400తో మొదలుపెట్టి 1000 దాకా తడిపి రుద్దితే అతుకులు మాయమవుతాయి. అతుకు కనిపించే మోడల్‌ను ఏ ఎయిర్‌బ్రషూ కాపాడలేదు.

స్ప్రే డబ్బాకు అసలు శత్రువు చెమ్మ. వాన వాతావరణంలో లాకర్ కొడితే, అది ఆవిరవుతూ పూతను చల్లబరుస్తుంది, గాలిలోని తేమ దాని మీద చేరి రంగు తెల్లబారిపోతుంది. నవంబరులో ఈ డబ్బా ముట్టుకోకపోవడమే మంచిది. మిగతా నెలల్లో మేడ మీద ఉదయం పూట కొట్టాలి. మధ్యాహ్నం దాటితే సముద్రపు గాలి లేస్తుంది; సగం రంగు విమానం మీద, సగం పక్కింటివాళ్లు ఆరేసిన బట్టల మీద పడుతుంది. ఆ తర్వాత జరిగే యుద్ధం 1/72 స్కేలులో ఉండదు.

ఎయిర్‌బ్రష్ విషయంలో నాకు గౌరవమూ ఉంది, అనుమానమూ ఉంది. 0.3 మిల్లీమీటర్ల నాజిల్, 15 నుంచి 20 పీఎస్ఐ ఒత్తిడి, బాగా పల్చన చేసిన రంగు ఉంటే, అంత పల్చటి పూత మరే పద్ధతిలోనూ రాదు. పెన్సిల్ గీతంత సన్నగా కొట్టవచ్చు, అంచులు పొగలా కలిసిపోతాయి. అయితే 1/72 విమానానికి ఒక రంగు కొట్టడానికి అయిదు నిమిషాలు పడితే, గన్ను విప్పి కడగడానికి అంతకంటే ఎక్కువ పడుతుంది. నాలుగు రంగుల విమానమంటే నాలుగుసార్లు కడగాలి. వారానికి ఒక ఆదివారం, అందులోనూ రెండు గంటలు దొరికే ఉద్యోగస్తుడికి ఇది చిన్న విషయం కాదు.

వాతావరణం దీన్నీ వదలదు. ఎండాకాలంలో అక్రిలిక్ సూది మొన మీద ఎండి గడ్డ కడుతుంది, కాసేపటికోసారి తుడుస్తూ ఉండాలి. తీరప్రాంతపు గాలిని కంప్రెసర్ నొక్కితే అందులోని తేమ నీళ్లుగా దిగి పైపులోకి వస్తుంది. రెక్క మీద రంగు చక్కగా పడుతున్నప్పుడు హఠాత్తుగా ఒక నీటి చుక్క చిమ్ముతుంది. అందుకే మన దగ్గర కొనేవాళ్లు ట్యాంకు, మాయిశ్చర్ ట్రాప్ ఉన్న కంప్రెసరే కొనాలి, ఆ ట్రాప్‌లో నీళ్లు మధ్యమధ్యలో వంపేయాలి. చౌకగా వస్తుందని చేతి గన్నుకే బిగించిన చిన్న బ్యాటరీ పంపు కొంటే ఈ సదుపాయం ఉండదు. లాకర్ కొట్టేటప్పుడు గుడ్డ మాస్కు సరిపోదు, ఫిల్టర్లున్న రెస్పిరేటర్ పెట్టుకోవాలి. చిన్నపిల్లలున్న రెండు గదుల ఇంట్లో అయితే ఈ ఆలోచనే మానేయడం మంచిది.

ఇప్పుడు ఏ విమానం అన్న ప్రశ్నకు వస్తాను, అసలు తీర్పు ఇక్కడే.

హరికేన్ అనుకోండి. 1944లో ఇంఫాల్ పోరులో అర్జన్ సింగ్ నాయకత్వంలో మన 1వ స్క్వాడ్రన్ నడిపినవి హరికేన్లే. బర్మా వైపు విమానాలకు పైన ముదురు ఆకుపచ్చ, మట్టి రంగు. కింద బూడిద రంగు. జపాన్ వాళ్ల ఎర్ర సూర్యుడితో పొరపాటు పడకుండా గుర్తుల్లో ఎరుపు తీసేశారు, ముదురు నీలం, లేత నీలం మిగిలాయి. ఈ విమానానికి కళ్లు మూసుకుని కుంచె అంటాను. ఆకుపచ్చ, మట్టి రంగు కలిసే చోట అసలు విమానంలో రెండు మూడు సెంటీమీటర్ల వెడల్పున కలిసిపోయినా, 1/72లో అది అర మిల్లీమీటరు కూడా ఉండదు. అంటే కుంచెతో గీసిన తేట అంచే ఈ సైజుకు సరైనది. ఎయిర్‌బ్రష్‌తో పొగలా కొట్టినవాళ్లవే ఒక్కోసారి అబద్ధంగా కనిపిస్తాయి. మెరుపు లేని మాట్ రంగులు, రెండు మూడు వర్ణాలు, చిన్న చిన్న ఖాళీలు, వీటిలో కుంచె గీతలు దాక్కుంటాయి కూడా.

మిగ్-21కు వస్తే లెక్క మారుతుంది. 1963లో మన వాయుసేనలోకి వచ్చి, 2025 సెప్టెంబరు 26న చండీగఢ్‌లో వీడ్కోలు తీసుకున్న విమానం అది. తొలి రోజుల వెండి రంగు మిగ్ చేయాలంటే కుంచె ఓడిపోతుంది. వెండి రంగులోని లోహపు రేణువులు కుంచె లాగిన దిక్కుకు తిరిగి ప్రతి గీతనూ చూపిస్తాయి. ఇక్కడ ఏఎస్-12 లాంటి వెండి రంగు డబ్బా ఒక్కటి చాలు, ఎయిర్‌బ్రష్ అక్కర్లేదు. కింద నిగనిగలాడే నల్లటి పూత వేసి దాని మీద వెండి కొట్టితే లోహపు మెరుపు ఇంకా బాగుంటుంది. చివరి రోజుల బూడిద రంగు బైసన్ (మెరుగుపరచిన మిగ్-21) అయితే కుంచెతో కూడా నెట్టుకురావచ్చు.

ఒంగోలుకు ఉత్తరాన కొరిశపాడు దగ్గర హైవే రన్‌వే మీద 2022 డిసెంబరులో వాయుసేన ట్రయల్ రన్ చేసింది కదా, అప్పటి నుంచి సుఖోయ్-30 కిట్ కావాలనేవాళ్లు కనబడుతున్నారు. 1/72లోనే అది 30 సెంటీమీటర్ల పొడవు. అంత విశాలమైన బూడిద రంగు మైదానాన్ని కుంచెతో సమంగా తేవడం శిక్ష, డబ్బాలో సరైన వర్ణం దొరకడం కష్టం. దానికి ఎయిర్‌బ్రషే న్యాయం. రెండో ప్రపంచయుద్ధపు జర్మన్ మెసర్‌ష్మిట్‌ల పక్కలకు ఉండే మెత్తటి మచ్చలూ అంతే. ఈ రెండు రకాల మీద మోజు లేనివాళ్లు ఎయిర్‌బ్రష్ డబ్బుతో మరికొన్ని కిట్లు కొనుక్కోవచ్చు. నా ఓటు అటే.

స్టిక్కర్ల దగ్గర మూడు పద్ధతులూ సమానమే, ఇబ్బంది మన నీళ్లది. నీళ్లలో నానబెట్టి జార్చే డెకాల్స్‌కు బోరు నీళ్లు వాడితే ఆరాక చుట్టూ తెల్లటి సున్నపు మరక మిగులుతుంది. ఇన్వర్టర్ బ్యాటరీలో పోసే డిస్టిల్డ్ వాటర్ వాడండి.

డెకాల్స్ అయ్యాక పైన వేసే మాట్ వార్నిష్ ఒక్కటే కుంచె భక్తులు కూడా డబ్బా పట్టుకోవలసిన చోటు. కుంచెతో వేస్తే మాట్ పొడి ఒకచోట పేరుకుని బూజులా తేలుతుంది. డబ్బాతో వేస్తే మబ్బు రోజున మొత్తం పొగమంచు పట్టినట్టవుతుంది. సంక్రాంతి దాటిన పొడి ఉదయాల్లో, మంచు విడిచాక కొట్టడం అన్నిటికన్నా క్షేమం. తుపాను హెచ్చరిక ఉన్న వారంలో విమానం పూర్తయితే అట్టపెట్టెలో పెట్టి, తర్వాతి కిట్ కాక్‌పిట్ మొదలుపెట్టుకోండి.