మనుషుల గ్లూకోమీటరుతో కుక్క షుగరు: రెండున్నరేళ్లు వాడాక

తిరుపతిలో కుక్కకి లడ్డూ అని పేరు పెడితే షుగరు రాక ఏమొస్తుందని మా వీధిలో ఇప్పటికీ ఎగతాళి చేస్తారు. పొమేరియన్, ఆడది, పదకొండు కిలోలు. తొమ్మిదో ఏట గిన్నెలకు గిన్నెలు నీళ్లు తాగి ఇల్లంతా తడిపేస్తుంటే వెటర్నరీ యూనివర్సిటీ ఆస్పత్రికి తీసుకుపోయినాం. అప్పట్నుంచి రెండు పూటలా ఇన్సులిన్. ఇంట్లో షుగరు చూడ్డానికి మా అమ్మ మీటరు లాంటిదే ఇంకోటి కొన్నా. ఈ సమీక్ష దాని గురించే.

ముందే చెప్పేస్తా, ఇది కుక్కకు తక్కువ చూపిస్తుంది. మన రక్తంలో ఎర్రకణాల్లో కూడా గ్లూకోజు బాగానే ఉంటుంది, కుక్కకు మటుకు చాలావరకు ప్లాస్మాలోనే, అంటే కణాలు పోగా మిగిలే రక్తపు నీళ్లలోనే. మీటరేమో మన లెక్కకు చేసింది. ఒకసారి ఆస్పత్రి ల్యాబులో 92 వచ్చిన గంటలోనే నా మీటరు 71 అంది. నేను కంగారు పడితే డాక్టర్ సార్ "ఒక్క నంబరు పట్టుకోవద్దప్పా, ఎక్కుతా ఉందా దిగుతా ఉందా చూడు" అన్నాడు. కుక్కకు మామూలుగా 80 నుంచి 120 ఉండాలి, 60 దిగితే ప్రమాదం. తక్కువ చూపించే మీటరు కాబట్టి ఉత్తినే భయపడిన రోజులూ ఉన్నాయి. ఎక్కువ చూపించి నిద్రపుచ్చే దానికన్నా ఇదే నయం.

రక్తం చెవి అంచున తీస్తా. వేడినీళ్లలో పిండిన గుడ్డ అర నిమిషం అదిమి, చెవి వెనకాల దూది పెట్టి గుచ్చితే చుక్క గుండ్రంగా లేస్తుంది. మొదటి నెలంతా సగం స్ట్రిప్పులు దండగే. చుక్క చాలకపోతే ఎర్రర్. ఎండాకాలం డబ్బాని స్కూటరు డిక్కీలో మరిచిపోయినా ఎర్రరే. కస్టమర్ కేర్‌కి ఫోన్ చేస్తే "జంతువులకు కాదు సార్" అని పెట్టేసినారు. వాళ్లదీ తప్పు కాదు.

అసలు పరీక్ష పోయిన మే నెలలో, గంగమ్మ జాతర రాత్రి. ఏడింటికి నేను సూది వేసి, బయట పలకల మోత వింటా కూర్చున్నా. వేషాలు చూసొచ్చిన మా ఆవిడ ఖాళీ గిన్నె చూసి, తిన్నది కదా అని ఏడున్నరకు తనూ వేసింది. పదింటికి లడ్డూ గోడకు రాసుకుంటా నడిచింది. షుగరుతో కళ్లలో శుక్లాలొచ్చి ఏడాదైంది, అందుకేలే అనుకున్నా. అది నా తప్పు. కాసేపటికి వెనక కాళ్లు తాగినోడి కాళ్ల మాదిరి తేలిపోయినాయి.

నేనేం చేశానంటే మీటరు కోసం పరిగెత్తా. చేతులు వణికి మొదటి స్ట్రిప్పు ఎర్రర్, రెండోదీ ఎర్రర్. ఈలోగా అది పక్కకు పడిపోయి కాళ్లు కొట్టుకోవడం మొదలుపెట్టింది. అమ్మ లోపల్నుంచి వచ్చి "ఏందిరా ఆ లెక్కలు, ముందు దానికి తీపి పెట్టు" అని అరిచింది. ఇరవై ఏళ్లుగా షుగరున్న మనిషి, ఆమెకు తెలుసు.

తేనె వేలికి రాసుకుని, పెదవి పక్కకు లాగి చిగుళ్ల మీద పూశా. పళ్ల మధ్య వేలు పెట్టలేదు, ఫిట్స్‌లో కొరికితే దానికే తెలీదు. గొంతులో పోస్తే ఊపిరితిత్తుల్లోకి పోతుంది, కాబట్టి పూయడమే. ఏడెనిమిది నిమిషాలకు తలెత్తి పెదాలు నాక్కుంది. అప్పుడు చూస్తే 41. మింగగలుగుతోందని తేలాక పెరుగన్నం ముద్దలు చిన్నచిన్నవి పెట్టినాం.

మీటరు విలువ తెలిసింది ఆ తర్వాత. తిని పడుకుంది, అయిపోయిందనుకున్నాం. అర గంటకు చూస్తే 74, ఇంకో అర గంటకు 52. లోపల రెండు డోసుల ఇన్సులిన్ గంటల తరబడి పనిచేస్తానే ఉంటుంది, తేనె మటుకు తొందరగా అయిపోతుంది. బయటికి కుక్క బాగానే కనిపిస్తోంది, తోక కూడా ఊపుతోంది. మీటరు లేకపోతే మేం నిద్రపోయి ఉండేవాళ్లం. మళ్లీ తేనె పూసి, జాతర జనంలో ఆటో దొరక్క స్కూటరు మీద ఒళ్లో పెట్టుకుని పోయినాం. ఇద్దరు డాక్టర్లు ఫోనెత్తలేదు, మూడోవాడు తలుపు తీశాడు. తెల్లారేదాకా డెక్స్‌ట్రోజ్ (గ్లూకోజు) ఎక్కించారు. పొద్దుటి డోసు ఆపి, తగ్గించి మొదలుపెట్టమన్నారు.

ఇప్పుడు ఫ్రిజ్ తలుపు మీద క్యాలెండరు ఉంది. సూది వేసినవాళ్లు గుర్తు పెట్టందే అన్నం తినకూడదు. సిరంజీ కూడా చూసుకోండి: మేం వాడేది మిల్లీలీటరుకు 40 యూనిట్లుండే ఇన్సులిన్ సీసా, దానికి తగ్గ ఎర్ర మూత సిరంజీ. మిల్లీలీటరుకు 100 యూనిట్ల సీసాలోది ఆ సిరంజీతో లాగితే రెండున్నర రెట్లు పోతుంది. అమ్మ కోసం తెచ్చే షుగర్‌లెస్ చూయింగ్ గమ్ బీరువా పైకెక్కింది. అందులో ఉండే జైలిటాల్ కుక్కలో ఇన్సులిన్‌ను ఉరికించి షుగరు పడేస్తుంది, లివరునూ దెబ్బతీస్తుంది.

కుక్కల కోసం చేసిన మీటరు దొరికితే, డబ్బుంటే అదే కొనండి. నాకు ఇక్కడ షాపుల్లో దొరకలేదు. ఇది మాత్రం ఏ మందుల షాపులోనైనా స్ట్రిప్పులతో సహా దొరుకుతుంది, అయిదుకు మూడున్నర ఇస్తా. తేనె సీసా దాని డబ్బాలోనే, స్ట్రిప్పుల పక్కన ఉంటుంది. అప్పుడప్పుడూ చీమలు పడతాయి.