పట్టాలెక్కిన పాత అంబాసిడర్: ఏళ్ల తరబడి నడిపాక నా సమీక్ష

గుంటూరు చుట్టుపక్కల నల్లరేగడిలో వానాకాలం బండి నడిపినవాళ్లకు నేను చెప్పబోయేది సగం ముందే అర్థమవుతుంది. రెండు గట్టి వానలు పడితే ట్రాక్టరు కూడా ఇరుసు దాకా దిగబడుతుంది. మా గోడౌన్లు సరిగ్గా అలాంటి నేల మధ్యలో ఉన్నాయి. ఒకప్పుడు అక్కడ మిల్లు నడిచేది. మిల్లు మూతపడింది, మెయిన్ లైనుతో కలిపే పాయింట్లను రైల్వేవాళ్లు ఎప్పుడో తీసేశారు. లోపలి సైడింగు (మెయిన్ లైను నుంచి చీలి మిల్లులోకి వచ్చే పక్క లైను) మాత్రం మిల్లు స్థలంలో, మిల్లు సొత్తుగానే మిగిలిపోయింది. గేటు నుంచి చివరి గోడౌను దాకా కిలోమీటరున్నర పైనే ఉంటుంది. కట్ట ఎత్తుగా ఉంది కాబట్టి ఎంత వాన పడినా పట్టాలు మునగవు. మనుషుల్ని, పనిముట్లను, గోనె సంచుల కట్టలను చేరవేయడానికి ఆ పట్టాల మీదే ఒక బండి తిప్పితే సరిపోతుంది కదా అనిపించింది. మిల్లు యజమాని దగ్గర రాతపూర్వకంగా అనుమతి తీసుకుని, షెడ్డులో మూలన పడున్న డీజిల్ అంబాసిడర్‌ను విజయవాడ ఆటోనగర్‌లో పట్టాల బండిగా మార్పించాం. అప్పటి నుంచి వానాకాలమంతా, మిగతా నెలల్లో అవసరమైనప్పుడల్లా నడుపుతూనే ఉన్నాను.

బండి పనికొస్తుంది, చాలా పనికొస్తుంది. అయితే డబ్బూ శ్రద్ధా పెట్టాల్సింది ఇంజను మీద కాదు. బ్రేకుల మీద, అంతకంటే ముందు పట్టాల మీద.

మొదటి చిక్కు వెడల్పుతో వస్తుంది. విదేశీ వీడియోల్లో కారు టైర్లు అలాగే ఉంచి, ముందూ వెనకా చిన్న ఇనుప గైడు చక్రాలు దించి, ఆ టైర్లతోనే పట్టాల మీద పోనిస్తుంటారు. అమెరికాలో అది కుదురుతుంది. అక్కడి గేజ్, అంటే రెండు పట్టాల మధ్య దూరం, 1,435 మిల్లీమీటర్లు, మామూలు కారు టైర్ల మధ్య ఉండే దూరానికి దగ్గరగా ఉంటుంది. మన బ్రాడ్ గేజ్ 1,676. అంబాసిడర్ బాడీ మొత్తం వెడల్పే 1,662. పట్టాల మధ్య ఖాళీయే కారు కన్నా ఎక్కువన్నమాట. చక్రాల మధ్య దూరమైతే నాలుగున్నర అడుగులకు కాస్త అటూ ఇటూ. కాబట్టి ఒక్కో చక్రాన్ని దాదాపు జానెడు బయటికి జరపాలి. గుంటూరు–మాచర్ల లైను ఒకప్పుడు మీటర్ గేజ్, పట్టాల మధ్య ఒక్క మీటరే. అలాంటి చోటయితే చక్రాలను లోపలికి నెట్టాల్సి వస్తుంది, అప్పుడు బండి పైన బరువు, కింద ఇరుకు అయి తూలుతుంది.

చక్రం బిగించే హబ్‌కు స్పేసర్ (మధ్యలో పెట్టే ఇనుప దిమ్మె) వేసి చక్రాన్ని బయటికి బిగిస్తే చాలదా అని చూడ్డానికి వచ్చిన ప్రతివాళ్లూ అడుగుతారు. చాలదు. అంత దూరం బయటికి జరిపితే బేరింగు మీద, యాక్సిల్ షాఫ్ట్ మీద పడే వంపు భారం విపరీతంగా పెరుగుతుంది. ఇనుము మీద ఇనుము నడిచేటప్పుడు ప్రతి దెబ్బా నేరుగా అక్కడికే చేరుతుంది. ఆటోనగర్ మేస్త్రి సలహా మీద వెనక యాక్సిల్ గొట్టాన్నే పొడిగించి, పొడవాటి షాఫ్టులు కొత్తగా తిప్పించాం. ముందు వైపు అంబాసిడర్‌కు ఉండే టార్షన్ బార్ సస్పెన్షన్, స్టీరింగు మొత్తం తీసేసి, లీఫ్ స్ప్రింగుల మీద ఒక గట్టి ఇరుసు పెట్టాం. ఖర్చులో పెద్ద భాగం ఈ రెండు ఇరుసులకే పోయింది. ఇన్నేళ్లలో ఒక్క షాఫ్టు కూడా విరగలేదు. ఆ పనితనం గురించి ఎవరితోనైనా గర్వంగా చెప్తాను.

చక్రం విషయంలో తెలియాల్సిన సంగతి ఒకటుంది. రైలు చక్రం పట్టా మీద ఆనే ముఖం చదునుగా ఉండదు, బయటి వైపుకు 20కి 1 చొప్పున వాలుగా ఉంటుంది. రెండు చక్రాలూ ఒకే ఇరుసుకు బిగిసి కలిసి తిరిగినప్పుడు, ఆ వాలు వల్లే జత తనంతట తాను పట్టాల మధ్యకు వస్తుంది. చక్రానికి లోపలి వైపు పొడుచుకొచ్చి ఉండే అంచు అన్నది ఆఖరి కాపలా మాత్రమే. కారులో డిఫరెన్షియల్ ఉంటుంది కాబట్టి ఒక్కో చక్రం దాని దారిన అది తిరుగుతుంది. అలా వదిలేస్తే వాలు వల్ల వచ్చే లాభం పోతుంది, అంచు పట్టాను రాసుకుంటూనే పోతుంది. పైగా ఒక పట్టా మీద తడో నూనో ఉంటే ఆ చక్రమే గిర్రున తిరుగుతుంది, బండి కదలదు. అందుకే రెండు చక్రాలూ కలిసే తిరిగేలా డిఫరెన్షియల్ లోపలి స్పైడర్ గేర్లను వెల్డింగ్ చేయించాం. రోడ్డు మీద ఇలా చేస్తే మలుపుల్లో టైర్లు అరిగిపోతాయి, పట్టాల మీద మాత్రం ఇలాగే ఉండాలి.

ఇంకొకటి, పాత పట్టాలు ఎప్పుడూ ఒకే మట్టంలో ఉండవు. ఒక మూల అంగుళం దిగినా గట్టి స్ప్రింగుల బండికి ఒక చక్రం గాల్లోకి లేస్తుంది. బరువు లేని చక్రం అంచు పట్టా మీదికెక్కడానికి ఎంతోసేపు పట్టదు. ముందు ఇరుసును ట్రాక్టరు ముందు ఇరుసులా మధ్యలో పిన్ను మీద ఊగేటట్టు పెట్టించింది అందుకే. కొలరాడోలో రియో గ్రాండ్ సదరన్ రైల్వే 1931 నుంచి బ్యూయిక్, పియర్స్ యారో కార్లను పట్టాల బండ్లుగా మార్చింది. గాలపింగ్ గూస్ అని వాటికి పేరు. ఆవిరి రైలు ఖర్చు భరించలేక, తపాలా కాంట్రాక్టు వదులుకోలేక వాళ్లు ఆ పని చేశారు. వాళ్ల కార్ల ముందు భాగం కింద కూడా దారి పట్టి నడిపించడానికి అటూ ఇటూ తిరిగే చిన్న చక్రాల చట్రం ఉండేది. మా దూరానికి, మా వేగానికి ఊగే ఇరుసు సరిపోయింది.

ఇక బ్రేకులు. ఈ బండి గురించి ఒక్క ముక్కే చెప్పమంటే బ్రేకుల గురించే చెప్తాను. పొడి రోడ్డు మీద రబ్బరు టైరుకు ఉండే పట్టులో, ఇనుప పట్టా మీద ఇనుప చక్రానికి మూడో వంతు కూడా దొరకదు. తడిసిందంటే అదీ ఉండదు. లెక్క వేసి చూడండి: గంటకు 20 కిలోమీటర్ల వేగంలో ఘర్షణ గుణకం (పట్టు ఎంతో చెప్పే అంకె) 0.15 ఉంటే ఆగడానికి పదిన్నర మీటర్లు చాలు. అది 0.05కి పడిపోతే 31 మీటర్లు కావాలి. వేగం 30కి పెంచితే అదే తడి పట్టా మీద 70 మీటర్లు దాటుతుంది. ఇది బ్రేకు పట్టాక మాత్రమే, మనిషి తేరుకునే సమయం ఇందులో కలపలేదు.

జోరు వాన కన్నా చిన్న తుంపర ప్రమాదమని ఎవరూ ముందుగా చెప్పరు. జోరు వాన పట్టాను కడిగేస్తుంది. తుంపర, సంక్రాంతి ముందు రోజుల పొగమంచు మాత్రం తుప్పుతో కలిసి పట్టా మీద జారుడు పూతలా పేరుకుంటాయి. వేపాకు రాలే రోజుల్లో ఆకులు చక్రం కింద నలిగి అదే పని చేస్తాయి. మా సైడింగులో వేరే బండ్లు తిరగవు కాబట్టి పట్టాకు నిగనిగ ఎప్పుడూ రాదు, తుప్పు ఎప్పుడూ ఉంటుంది. అందుకే నాలుగు చక్రాలకూ ముందు ఇసుక గొట్టాలు పెట్టించాం. జల్లెడ పట్టి ఎండబెట్టిన కృష్ణా ఇసుక వాడతాం. తడి ఇసుక గొట్టంలో గడ్డకడుతుంది, అది దండగ. బ్రేకు కూడా ఒక్కసారిగా తొక్కకూడదు. చక్రం బిగుసుకుని జారిందంటే ఆనే చోట చదును మచ్చ పడుతుంది, ఆ తర్వాత ప్రతి చుట్టుకూ టకటకమంటూనే ఉంటుంది. మళ్లీ లేతు మీదికి తీసుకెళ్లి తిప్పించే దాకా అది పోదు. మాకు 20 దాటకూడదన్నది కట్టుబాటు, నా పక్కన ఎవరు కూర్చున్నా సరే.

స్పీడోమీటరు చూపించేది కూడా నమ్మకూడదు. అంబాసిడర్ టైరు బయటి వ్యాసం 65 సెంటీమీటర్ల పైచిలుకు, మా ఇనుప చక్రం 50. మీటరు 30 చూపిస్తే నిజంగా పోయేది 23. చక్రం చిన్నదైనందుకు లాగుడు పెరిగింది, అది మంచిదే. సెకండ్ గేరులో పడేసి వదిలితే లోడుతో కూడా నింపాదిగా సాగిపోతుంది. ఇనుము మీద దొర్లడానికి బలం తక్కువ కావాలి కాబట్టి డీజిల్ గురించి ఆలోచించే అవసరమే రావడం లేదు.

ఆ సుఖం కూర్చున్నవాళ్లకు అందదు. గాలి నిండిన టైరు ఎంత దెబ్బ మింగుతుందో అది తీసేశాకే తెలుస్తుంది. రెండు పట్టా ముక్కలను కలిపే ప్రతి ఫిష్‌ప్లేటు దగ్గరా దెబ్బ నడుముకు తగులుతుంది. నట్లు వదులవుతాయి, రేడియేటర్ పట్టీలు చిట్లుతాయి, హెడ్‌లైట్ బల్బులు త్వరగా పోతాయి. పాత కన్వేయర్ బెల్టు ముక్కలు కోసి స్ప్రింగుకూ ఇరుసుకూ మధ్య పెట్టాక బాగా తగ్గింది. అయినా వారానికోసారి స్పానరు పట్టుకుని చుట్టూ తిరగాల్సిందే.

తిప్పుకోవడం ఇంకో పని. కారుకు ఒక్కటే రివర్స్ గేరు, వెనక్కి చూస్తూ కిలోమీటరున్నర రావడం మెడకు కష్టం, కంటికి ప్రమాదం. చాసిస్ కింద బరువు సమంగా తూగే చోట తిరిగే పళ్లెం ఉన్న హైడ్రాలిక్ జాకీ అమర్చాం. పైకి లేపి ఇద్దరు మనుషులు తోస్తే బండి వెనక్కి తిరుగుతుంది. సామాను దించాకే తిప్పాలి, లేకపోతే తూకం తప్పుతుంది.

పట్టాల సంగతికి వస్తే, బండి ఎంత బాగా చేయించినా సగం యంత్రం కిందే ఉంది. చెక్క స్లీపర్లు పుచ్చితే గేజ్ వెడల్పవుతుంది, చక్రం లోపలికి దిగిపోతుంది. పాత ఇనుముకు ధర ఉంటుంది కాబట్టి పట్టాలను బిగించే కీలు, బోల్టులు రాత్రికి రాత్రి మాయమవుతాయి. సర్కారు తుమ్మ నెలరోజులు వదిలేస్తే పట్టాలనే కప్పేస్తుంది. అన్నిటికన్నా చెడ్డది బండ్ల బాట దాటే చోటు. ట్రాక్టరు చక్రాల మట్టి పట్టా పక్కన అంచు పోవాల్సిన సందులో నిండి, ఎండకు రాయిలా బిగుసుకుంటుంది. అంచు దాని మీదికెక్కితే బండి పక్కకు దిగడమే. వారం తర్వాత బయటికి తీసినా, పొద్దున్నే తీసినా, ముందు ఒకరు పలుగు పట్టుకుని ఆ సందు శుభ్రం చేస్తూ చివరిదాకా నడిచి రావాలి. మిరప కోతల కాలంలో ఇంకో జాగ్రత్త కూడా ఉంది. కట్ట మీద పొడిగా, ఎత్తుగా ఉంటుందని పక్క పొలాలవాళ్లు కాయలు ఆరబోస్తారు, పిల్లలు అక్కడే ఆడుకుంటారు. వాళ్లకు ముందురోజే చెప్పి, హారన్ కొట్టుకుంటూ, మనిషి నడక వేగంలో పోతాం.

చట్టం గురించి స్పష్టంగా చెప్పాలి. ఇది మా గోడౌన్లున్న మిల్లు ప్రాంగణంలోని, మెయిన్ లైనుతో సంబంధం తెగిపోయిన సైడింగు. రైల్వేవాళ్లు వాడటం మానేసినట్టు కనిపించే లైను కూడా రైల్వే ఆస్తే. 1989 రైల్వే చట్టం సెక్షన్ 147 ప్రకారం అనుమతి లేకుండా అందులోకి వెళ్లడం నేరం, జైలు కూడా పడవచ్చు. గడ్డి మొలిచిందని ఆ లైను మీద ఏ బండీ రాదనుకోవడం ప్రాణాలతో చెలగాటం. 1988 మోటారు వాహనాల చట్టం స్థిరమైన పట్టాల మీద నడిచే బండిని మోటారు వాహనంగా లెక్కించదు. మా కారు ఇక ఎప్పటికీ రోడ్డెక్కదు కాబట్టి ఆర్సీ రద్దు చేయించాం. ఒకే కారు రోడ్డు మీదా పట్టాల మీదా తిరగాలనుకునేవాళ్లకు ఈ పద్ధతి పనికిరాదు.

ఇదే పనికి వేరే కారు తీసుకోవచ్చా అంటే, వెనక చక్రాలతో నడిచేది, కింద గట్టి ఇనుము ఉన్నది ఏదైనా సరే. ఇంజను ముందు చక్రాలను తిప్పే కార్లు వద్దు, స్టీరింగూ డ్రైవూ ఒకేచోట ముడిపడి ఉంటాయి. అంబాసిడర్ తయారీ 2014లో ఆగిపోయింది, కానీ ఆటోనగర్‌లో వెతికితే సామాను ఇప్పటికీ దొరుకుతోంది.

మీకూ ఇలాంటి సైడింగు ఉండి, ఇలాంటి అవసరమే ఉంటే, కారు కోసం వెతకకముందు ఒక గేజ్ కడ్డీ, సుద్దముక్క తీసుకుని పట్టాల పొడవునా నడవండి. ప్రతి జాయింటు దగ్గరా, ప్రతి మలుపులోనూ కొలిచి పట్టా మీదే అంకె రాసి, కాగితం మీద కూడా ఎక్కించండి. ఎక్కడ స్లీపర్లు మార్చాలో, ఎంత ఖర్చవుతుందో అక్కడే తేలిపోతుంది. ఆ కాగితం పట్టుకుని ఆటోనగర్ వెళ్తే చక్రం ఎంత వెడల్పు ఉండాలో మేస్త్రి తనే చెప్తాడు.