ఎర్రరాతి లోయల్లో పోలరైజర్ ఫిల్టరు: చాలాకాలం వాడాక

యూటా, అరిజోనా రాష్ట్రాల కాన్యన్ల (లోతైన రాతిలోయల) దారుల్లో 77 మిల్లీమీటర్ల సర్క్యులర్ పోలరైజర్ ఫిల్టరును కొన్నేళ్లుగా వాడుతున్నాను. కెమెరా లెన్సు ముందు బిగించే గాజు ఇది; దాని రింగును తిప్పితే వస్తువులపై పడే మెరుపు తగ్గుతుంది. ఆకాశాన్ని మరింత నీలంగా చూపిస్తుందని దీన్ని కొనేవారే ఎక్కువ. నా అనుభవంలో మాత్రం ఆ ఎడారి సీమలో ఇది అన్నింటికంటే తక్కువగా అక్కరకొచ్చేది ఆ పనికే.

బ్రైస్ కాన్యన్ అంచు సముద్రమట్టానికి 8,000 నుంచి 9,000 అడుగుల ఎత్తున ఉంటుంది. ఆ పొడిగాలిలో ఆకాశం ముందే ముదురు నీలంగా ఉంటుంది కాబట్టి, ఫిల్టరును పూర్తి ప్రభావం వచ్చేదాకా తిప్పితే ఆకాశం నలుపుకు తిరిగి, ఎర్రని రాతి స్తంభాల వెనుక కృతకంగా కనిపిస్తుంది. పైగా సూర్యుడికి 90 డిగ్రీల దిశలో ఉన్న ఆకాశంపైనే దీని ప్రభావం ఎక్కువ; విశాలమైన దృశ్యాన్ని పట్టే వైడ్ యాంగిల్ లెన్సుతో తీస్తే ఒకచోట నల్లని పట్టీ, దానికి అటూ ఇటూ పాలిపోయిన నీలం పడతాయి. కొలరాడో నది గుర్రపునాడాలా తిరిగే హార్స్‌షూ బెండ్ వంపు మొత్తం ఫ్రేములో పట్టాలంటే వైడ్ లెన్సు తప్పదు కనుక, అక్కడ ఆకాశాన్ని వీలైనంత తగ్గించి, నీటిని చూస్తూ రింగు తిప్పుతాను. మెరుపు తగ్గగానే వెయ్యి అడుగుల కింద నది ఆకుపచ్చగా తేలుతుంది.

దీని అసలు విలువ జయాన్ నేషనల్ పార్కులో, వర్జిన్ నదిలోనే దిగి నడిచే నేరోస్ ఇరుకులో తెలిసింది. తడిసిన గోడలు పైనుంచి పడే వెలుతురుకు తెల్లగా మెరుస్తూ రాతిరంగును కప్పేస్తాయి. రింగును మెల్లగా తిప్పుతుంటే ఆ తెలుపు విడిపోయి, ముందు రాతి పొరల ఎరుపు, తరువాత నీటి అడుగున గులకరాళ్లు బయటపడతాయి. మాంగనీసు, ఇనుము ఆక్సైడ్లతో గోడలపై ఏర్పడే డెజర్ట్ వార్నిష్ నల్లచారలకూ ఇదే వర్తిస్తుంది. మెరుపు కింద నమోదే కాని రంగును తరువాత కంప్యూటర్లో తెచ్చుకోలేము. ఈ ఒక్క కారణానికే ఫిల్టరు ఖరీదు దండగ కాదనుకుంటాను.

ఇందుకు ఒకటిన్నర నుంచి రెండు స్టాపుల కాంతిని వదులుకోవాలి (ఒక్కో స్టాపుకు కాంతి సగమవుతుంది). నవాహో తెగవారి భూమిలోని, వెలుతురు తక్కువగా ఉండే ఆంటిలోప్ కాన్యన్‌లో గైడు వెంటే నడవాలి, సాధారణ టూర్లలో ట్రైపాడ్‌కు అనుమతి లేదు. అక్కడ ఫిల్టరు నా సంచి దాటి బయటికి రాదు.

కారు ప్రయాణంలో మరో సంగతి. పక్క సీట్లో కూర్చుని ముందు అద్దం గుండా ఫొటో తీసేటప్పుడు డాష్‌బోర్డు ప్రతిబింబాన్ని ఇది చాలావరకు తగ్గిస్తుంది. పక్క కిటికీల టెంపర్డ్ గాజు గుండా తీస్తే మాత్రం రంగురంగుల మచ్చలు పడతాయి, అద్దం దించుకోవడమే మేలు. వానాకాలపు ఇంద్రధనుస్సు కనబడితే జాగ్రత్త: రింగు ఒకవైపు తిరిగితే అది చిక్కనవుతుంది, మరోవైపు తిరిగితే మాయమే!

మన్నిక విషయంలో గాజుకు వంక పెట్టలేను, పూత చెక్కుచెదరలేదు. ఇబ్బందంతా రింగుతోనే. మాన్యుమెంట్ వ్యాలీలోని 17 మైళ్ల మట్టిరోడ్డు ధూళి అందులో చేరితే, తిప్పినప్పుడల్లా వేళ్లకు గరగర తగులుతుంది. బ్లోయరుతో ఊదాలి తప్ప తడిగుడ్డ పెట్టకూడదు. నాది పలుచని రింగు కావడంతో లెన్సుకు బిగుసుకున్నప్పుడు గట్టిగా పట్టుకున్నకొద్దీ వంగి ఇంకా బిగుస్తుంది. చుట్టూ రబ్బరుబ్యాండు వేసి, పట్టు సడలించి తిప్పితే ఊడివస్తుంది. మళ్లీ కొంటే ముందువైపు మరలున్న మందపు రింగునే, నా లెన్సుల్లో పెద్దదాని కొలతకు తీసుకుని, మిగతావాటికి స్టెప్-అప్ రింగులతో (చిన్న లెన్సుకు పెద్ద ఫిల్టరును బిగించే రింగులతో) సరిపెడతాను.