బొద్దింక మెదడు మైటోకాండ్రియాకి ఎంజైమ్ కిట్: సరుకు ఓకే, ప్యాకింగే దండగ
తార్నాకలో మా ల్యాబ్‌కి తెప్పించాం, బొద్దింక మెదడులోంచి తీసిన మైటోకాండ్రియాలో (కణానికి శక్తి తయారుచేసే భాగాలు) సక్సినేట్ డీహైడ్రోజినేస్ అనే ఎంజైమ్ యాక్టివిటీ చూడ్డానికి. కిట్ మాత్రం బావుంది భయ్యా, ఎంజైమ్ పనిచేసేకొద్దీ డీసీపీఐపీ అనే డై నీలం రంగు మెల్లగా పోతుంటే 600 నానోమీటర్ల దగ్గర రీడింగ్ నీట్‌గా దిగుతుంది, ఈ ఎంజైమ్‌ని అడ్డుకునే మాలొనేట్ వేస్తే ఆ దిగడం బాగా తగ్గిపోద్ది, అంటే చూస్తున్నది మన ఎంజైమ్‌నే అని ధైర్యం. ఇది మైటోకాండ్రియా లోపలి పొరకే అతుక్కుని ఉంటుంది కాబట్టి సెంట్రిఫ్యూజ్‌లో తిప్పి మైటోకాండ్రియాని విడగొట్టడం సరిగ్గా కుదిరిందా లేదా అన్నదీ దీంతోనే తెలిసిపోద్ది. ప్యాకింగే దారుణం, మే ఎండకి ఐస్ ప్యాకులు మొత్తం కరిగిపోయి వచ్చాయి, ఫోన్ చేస్తే ఏం కాదు సార్ అంటాడు అమ్మినాయన. మాన్యువల్‌లో అన్నీ ఎలుక లివర్ లెక్కలే, బొద్దింక తల ఎంతుంటుంది చెప్పండి, చాలా తలలు కలిపితేనే గానీ సరిపడా ప్రోటీన్ రాదు. 3 స్టార్లు, చలికాలంలో అయితే 4 ఇచ్చేవాణ్ణి.