రిమోట్ రిసీవర్: చవకే, కానీ కొలత తప్పుతుంది

నల్గొండ క్లాక్ టవర్ దగ్గర ఒక షాపులో ఈ పేరులేని ఐఆర్ రిసీవర్ (రిమోట్ పంపే కంటికి కనపడని వెలుగు సిగ్నల్ని అందుకునే చిన్న భాగం) కొన్నా, పాత టీవీ రిమోట్‌తో రాస్‌ప్‌బెర్రీ పై అనే చిన్న కంప్యూటర్‌ని నడుపుదామని. మూడుసార్లు నొక్కితే ఒకసారి పలికేది. బ్యాటరీలు మార్చా, దండగ. చివరికి లినక్స్‌లో పల్స్‌లు, అంటే సిగ్నల్ వెలిగి ఉండే క్షణాలు, కొలిచి చూస్తే, ఎన్‌ఈసీ అనే రిమోట్ సిగ్నల్ పద్ధతిలో 562 మైక్రోసెకన్లు ఉండాల్సిన పల్స్ 680 దాకా సాగుతోంది, దాని వెనక అంతే ఉండాల్సిన చిన్న ఖాళీ 440కి కుంచించుకుపోతోంది, అంటే రెండూ కలిపితే లెక్క సరిపోతుంది, మధ్యలో హద్దే జరిగింది, పక్కోడు పొలం గట్టు జరిపినట్టు. రిసీవర్‌ని నడిపే ప్రోగ్రామ్, అంటే డ్రైవర్‌లో ప్రతి పల్స్ నుంచి 120 తీసి ఖాళీకి కలిపా. ఇప్పుడు మంచం మీంచి నొక్కినా పలుకుతోంది. మూడు స్టార్లు ఇస్తున్నా. కోడ్ రాయడం రానివాళ్లు మాత్రం కొనకండి.