అడుగుల లెక్కన డ్రైనేజీ క్లీన్ చేసేవాళ్ళతో జాగ్రత్త: నాకు 5,000 వదిలింది

బెజవాడలో సింకో బాత్‌రూమో జామై, ఫోన్‌లో వెతికి పైన కనబడ్డ నంబరుకి చేద్దామనుకుంటున్నారా? రెండు నిమిషాలు ఆగి ఇది చదవండి.

మాది సత్యనారాయణపురం, పాత డాబా ఇల్లు. కనుమ నాడు పొద్దున వంటింటి సింకులో నీళ్ళు నిలిచిపోయాయి. పండగ రోజుల్లో అరిసెల మూకుడు, గారెల బాండీ, కోడికూర గిన్నెలు అందులోనే కడిగారు, గంజి కూడా అందులోకే వంపారు. కనుమ నాడు కాకి కూడా కదలదంటారు, ఇక మా ప్లంబరు ఊరి నుంచి కదులుతాడా? ఇంటి నిండా చుట్టాలు. నేను ఫోన్ తీశాను.

ఫోనెత్తిన అమ్మాయి "సత్యనారాయణపురం ఏ సిటీ అండీ?" అని అడిగింది. నాకు అక్కడే బుద్ధి రావాల్సింది. విజిటింగ్ 199, మిగతాది మా వాళ్ళు పని చూసి చెప్తారు అంది. గంటలో ఇద్దరు కుర్రాళ్ళు స్ప్రింగ్ మిషన్ (పైపులోకి పొడవాటి స్ప్రింగు తిప్పుతూ దూర్చేది) మోసుకొచ్చారు. "అడుక్కి 250 సార్, పది పన్నెండు అడుగుల్లో అయిపోద్ది" అన్నారు. మూడు వేలే కదా, చుట్టాల ముందు పరువన్నా నిలుస్తుందని సరే అన్నాను.

అరగంట మిషన్ తిప్పారు. నీళ్ళు కొంచెం లాగాయి. లెక్క చూస్తే 26 అడుగులు! అంటే 6,500. దాని మీద యాసిడ్ సీసాకి 600, విజిటింగ్ 199, మొత్తం 7,299. గొడవపడితే 5,000కి దిగారు. బిల్లు అడిగితే తెల్ల కాయితం మీద రాసిచ్చారు, దాని మీద అడ్రసు లేదు, జీఎస్టీ నంబరూ లేదు. స్కాన్ చేసిన క్యూఆర్ ఆ ఇద్దరిలో ఒకడి సొంతదే.

వాళ్ళు వెళ్ళాక నాకు నిద్ర పట్టలేదు. మర్నాడు టేపు తీసుకుని కొలిచాను. సింకు కింది నుంచి పెరట్లో చాంబర్ (మురుగు పైపులు కలిసే మూత గుంట) దాకా పైపు ఏడడుగులు, అంతే. మరి 26 అడుగుల స్ప్రింగు ఎక్కడికెళ్ళింది? పైపు దాటి చాంబర్‌లో పడి, అక్కడే చుట్టలు చుట్టుకుంది. లోపలికి పోయిన ప్రతి అడుక్కీ మీటరు తిరిగింది.

డబ్బుల కంటే నాకు ఎక్కువ భయం వేసింది యాసిడ్ దగ్గర. వాళ్ళు రాకముందే మా ఆవిడ కొట్లో దొరికే డ్రెయిన్ పొడి పోసింది. అందులో ఉండేది కాస్టిక్ సోడా. ఈ కుర్రాళ్ళు ఏమన్నా పోశారా అని ఒక్క మాట అడక్కుండా యాసిడ్ గుమ్మరించారు. బుస్సుమని పొంగి పైకి చిమ్మింది. రెండడుగుల దూరంలో మా అక్క మనవడు నిలబడి ఉన్నాడు. కాస్టిక్, యాసిడ్ కలిస్తే ఒక్కసారిగా వేడి పుడుతుంది. పీవీసీకి ఆ యాసిడ్ వల్ల పెద్దగా ఏమీ కాదు, వేడికే మెత్తబడుతుంది. సింకు కింద సీసాలా వేలాడే మా బాటిల్ ట్రాప్ వంకర తిరిగింది. సింకు అడుగు కన్నానికి బిగించే వేస్ట్ కప్లింగ్ మీద పూత నల్లబడింది, స్టీలు సింకు మీద మచ్చలు పడ్డాయి. రెండో రోజుకి సింకు కింద బియ్యం డబ్బా తడిసిపోయింది. ఇంకో మాట: బ్లీచింగ్ పోసిన చోట యాసిడ్ పోస్తే వచ్చేది క్లోరిన్ వాయువు, బాత్‌రూమ్ లాంటి ఇరుకు గదిలో అది ప్రాణం మీదకి తెస్తుంది. ఎవరొచ్చినా, ముందు మీరు ఏం పోశారో వాళ్ళు అడక్కపోయినా చెప్పండి.

ముక్కనుమ దాటాక మా ప్లంబరు వచ్చాడు. సింకు వైపు చూడనైనా చూడలేదు, నేరుగా పెరట్లోకి వెళ్ళి చాంబర్ మూత ఎత్తమన్నాడు. ఆ మూతని మేమే సిమెంటు పెట్టి బిగించేశాం. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగినప్పుడు సింగ్‌నగర్‌లో మా తమ్ముడింట్లోకి మురుగు చాంబర్‌లోంచే ఎగదన్నింది. ఆ భయంతో చేసిన పని, అప్పట్నుంచి దాన్ని ఎవరూ తెరవలేదు. పగలగొట్టి చూస్తే బయటికెళ్ళే పైపు మూతి దగ్గర నెయ్యి, నూనె, గంజి, టీ పొడి కలిసి కొబ్బరికాయంత ముద్ద. చలికి గట్టిపడింది. వెదురుబద్దతో కదిలించి, పాత డబ్బాతో తోడి పారేశాడు. కూలి 400, కొత్త కప్లింగూ ట్రాపూ కలిపి 350.

అతని దగ్గర నేర్చుకున్నది చెప్తాను. సింకు ఒక్కటే ఆగితే తప్పు చాలావరకు దాని కింది బాటిల్ ట్రాప్‌లోనే ఉంటుంది. కింద బకెట్ పెట్టి చేత్తో తిప్పితే ఊడుతుంది, పావుగంట పని. సింకుతో పాటు గిన్నెలు తోమే పెరటి జాలీ కూడా ఆగితే చాంబర్ చూడండి. కింది బాత్‌రూమ్ కూడా ఎగదన్నుతుంటే అది మెయిన్ లైను, మిషన్ వాళ్ళని పిలవాల్సింది అప్పుడే. మరిగే నీళ్ళు పోయమని అందరూ చెప్తారు. పీవీసీ పైపులు 60 డిగ్రీలు దాటితే తట్టుకోవు, చెయ్యి పెట్టగలిగేంత వేడి చాలు. నూనె మూకుడు కడిగే ముందు పాత పేపరుతో తుడిస్తే అసలు ఈ కథే ఉండదని మా అత్తగారు అన్నారు. గంజి వంపింది కూడా ఆవిడే, ఆ సంగతి నేనిక్కడ తప్ప ఎక్కడా అనలేదు.

పిలవక తప్పకపోతే, పైపు పొడవు మీరే ముందు కొలిచి ఉంచుకోండి. అడుగుల లెక్క ఒప్పుకోకండి, పనికింత అని వాట్సాప్‌లో రాయించుకోండి. యాసిడ్ వద్దని పని మొదలవకముందే చెప్పండి. డబ్బులు బిల్లు చూశాకే ఇవ్వండి. వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915 ఉంది. నేను చేద్దామనుకున్నాను, కానీ అడ్రసు లేని కాయితం పట్టుకుని ఎవరి మీదని చెప్పను?

నిన్న ఆ అమ్మాయే మళ్ళీ ఫోన్ చేసింది. ఫైవ్ స్టార్ రేటింగ్ ఇస్తే వచ్చేసారి విజిటింగ్ ఫ్రీ అట.