ఐదేళ్ల స్కానింగ్ తర్వాత మా సిస్టమ్ గురించి

పాత పత్రికలు, ఉత్తరాలు, చేతిరాత దస్తరాలు ఉన్న ఒక సేకరణని డిజిటైజ్ చేసే పనిలో ఐదేళ్లుగా ఉన్నాను. సామాన్లు ఎంచుకున్నది నేనే కాబట్టి తిట్లు కూడా నాకే పడ్డాయి. ఇప్పుడు కొనబోయే వాళ్లకి పనికొస్తుందని రాస్తున్నా.

మొదటి తప్పు గ్రాఫిక్స్ కార్డు. బొమ్మల పని కదా, పెద్దదే కావాలేమో అనుకుని బడ్జెట్‌లో పెద్ద వాటా దానికే పెట్టేశా. ఇన్నేళ్లలో దానికి చెమట పట్టిన రోజు లేదు. పేజీ తిప్పడం, అంచులు కత్తిరించడం, టెస్సరాక్ట్ అనే సాఫ్ట్‌వేర్‌తో ఓసీఆర్ (బొమ్మలోని అక్షరాల్ని టెక్స్ట్‌గా మార్చడం) నడపడం, అంతా ప్రాసెసర్ మీదే పడింది. కోర్లు ఎక్కువున్న ప్రాసెసరూ, 32 జీబీ ర్యామూ ఉంటే మా పనికి చాలు, వీలైతే ఆ ర్యామ్ ఈసీసీ రకం (మెమరీలో దొర్లే చిన్న తప్పుల్ని తనే సరిదిద్దుకునేది) తీసుకోండి.

అసలు కష్టమంతా డిస్కుల దగ్గరే. ఏ4 పేజీని 400 డీపీఐలో (అంగుళానికి 400 చుక్కలు), 24 బిట్ రంగులో, కుదించకుండా టిఫ్ అనే బొమ్మ ఫైలుగా దాచితే ఒక్కో పేజీ సుమారు 46 ఎంబీ, 600కి వెళ్తే 104 ఎంబీ. రోజుకి 300 పేజీలు 400లో చేసినా 14 జీబీ దగ్గరకొస్తుంది, అదీ ఒక్క కాపీకే. "ఒక టెరాబైట్ బోలెడు" అని అందరి ముందూ అన్న నేను మూడో నెలలోనే నాలుక కరుచుకున్నా.

ఇప్పుడు ఆ రోజు పని ఎస్ఎస్‌డీ మీద చేసి, సాయంత్రం న్యాస్‌లోకి (నెట్‌వర్క్‌కి తగిలించిన డిస్కుల పెట్టె) పంపుతున్నాం. గిగాబిట్ నెట్‌వర్క్ మీద సెకనుకి 110 ఎంబీ దాకా వస్తుంది, అంటే రెండు మూడు నిమిషాల పని, అంతకంటే వేగం కోసం ఖర్చు పెట్టక్కర్లేదు. న్యాస్‌కి డిస్కులు కొనేటప్పుడు మాత్రం అది సీఎంఆరా ఎస్ఎంఆరా అని అడిగి మరీ సీఎంఆరే కొనండి, దాన్లో ట్రాకులు విడివిడిగా ఉంటాయి. ఎస్ఎంఆర్‌లో ట్రాకులు ఇంటి పెంకుల్లా ఒకదాని మీదికి ఒకటి ఎక్కి ఉంటాయి, ఒకటి మార్చాలంటే పక్కవి కూడా తిరిగి రాయాలి, కాబట్టి రెయిడ్‌లో (ఒకటి పోయినా డేటా నిలిచేలా కొన్ని డిస్కుల్ని కలిపి వాడే పద్ధతి) ఒక డిస్కు పోయి కొత్తది పెట్టినప్పుడు అది నిండే దాకా మనం గోళ్లు కొరుక్కుంటూ కూర్చోవాలి. మేం కూర్చున్నాం. ఇంకో మాట, రెయిడ్ బ్యాకప్ కాదు. పొరపాటున ఫోల్డర్ డిలీట్ చేస్తే అన్ని డిస్కుల్లోంచీ ఒకేసారి పోతుంది.

ఒకసారి ఎక్స్‌టర్నల్ డిస్కు కేబుల్ వదులైంది. కాపీ అయిపోయిందనే చూపించింది. ఫైలు పేరు సరిగ్గానే ఉంది, సైజూ సరిగ్గానే ఉంది, తెరిస్తే ఉత్తరం పైసగమే ఉంది, సంతకం ఉండాల్సిన చోట బూడిదరంగు పలక. అప్పటి నుంచి స్కాన్ అయిన వెంటనే ప్రతి ఫైలుకీ ఎస్‌హెచ్‌ఏ-256 చెక్‌సమ్ (ఫైలులో ఒక్క బిట్ మారినా మారిపోయే వేలిముద్ర లాంటి సంఖ్య) తీస్తున్నాం, కాపీ చేసిన చోట మళ్లీ సరిచూస్తున్నాం. దీనికి పైసా ఖర్చు లేదు, నేను మొదటి రోజే చేయాల్సిన పని ఇదే.

మానిటర్ సంగతి చెప్పాలంటే సిగ్గేస్తుంది. చౌకది కొన్నాం, అది కాస్త నీలంగా చూపించేది. కాగితం రంగు తప్పొచ్చిందని మా కుర్రాడు రెండు వారాలు కష్టపడి "సరిచేశాడు". వేరే స్క్రీన్ మీద చూస్తే పేజీలన్నీ పసుపు పూసినట్టున్నాయి. ఒరిజినల్ టిఫ్‌లు ముట్టుకోలేదు కాబట్టి బతికిపోయాం. ఇప్పుడు రంగులు నమ్మకంగా చూపించే ఐపీఎస్ రకం మానిటర్, నెలకోసారి దాని రంగులు సరిచూసే కాలిబ్రేటర్.

స్కానర్లలో సీఐఎస్ రకం (సెన్సర్ అద్దానికి ఆనుకునే ఉండేది) సన్నగా, తేలిగ్గా ముద్దొస్తుంది, విడి కాగితాలకి బాగుంటుంది. బైండింగ్ పుస్తకానికి మాత్రం వద్దు, అద్దానికి ఆనని నడిమి మడత దగ్గర అక్షరాలు నీళ్లలో మునిగినట్టు వస్తాయి. అద్దాలు, లెన్స్‌తో చూసే సీసీడీ రకం అయితే ఆ కొద్ది ఎత్తుని ఓర్చుకుంటుంది. విప్పితే ఊడిపోయే పుస్తకాలకి స్టాండు మీద కెమెరానే మేలు, 24 మెగాపిక్సెల్ కెమెరాతో ఏ3 పేజీకి సుమారు 340 డీపీఐ వస్తుంది.

మా సీసీడీ స్కానర్ ఇంకా భేషుగ్గా ఉంది, దాని డ్రైవరే కొత్త ఆపరేటింగ్ సిస్టమ్ మీద ఎక్కనంటోంది. అందుకే మూలనున్న పాత కంప్యూటర్ని నెట్ తీసేసి దానికే అంకితం చేశాం, "దీన్ని అప్‌డేట్ చేయొద్దు" అని పైన కాగితం అంటించి.